కోటామె పుట్టిల్లు

ముత్తయిదువ కన్నుమూసినప్పుడు పుట్టింటివారు తెచ్చిన చీర కప్పిన తరువాతనే పాడె లేపడం మా బేస్తవారిపేట వైపు చాలా ఇళ్లలో ఉన్న ఆచారం. అత్తింటివారు ఎంత మేలైన పట్టు కప్పినా అది ఆ చీరకు బదులు కాదు. అన్నో, తమ్ముడో, మేనల్లుడో, పుట్టింటి నుంచి ఎవరో ఒకరు చంకలో సంచితో రావాలి. వారు వచ్చేవరకు వాకిట్లో చాపల మీద కూర్చున్నవారందరి చూపూ దారి మీదే ఉంటుంది.

మొన్న వేసవిలో మా వీధిలో అటువంటి నిరీక్షణ జరిగింది. పోయినామెకు పుట్టింటివారంటూ ఎవరూ మిగలలేదన్న సంగతి అక్కడ కూర్చున్న ప్రతివారికీ తెలుసు. ఉన్నది ఒకే అన్న. అతడు ఇల్లు అమ్ముకొని ఎక్కడికో వెళ్లి, వెళ్లినచోటనే పోయాడు. అతడికి పిల్లలు లేరు. అయినా ఆమె భర్త మాత్రం అరుగు మీద స్తంభానికి ఆనుకొని, "కోట నుంచి వస్తాండారు, రానీండి" అన్న ఒక్కమాటనే పట్టుకొని కూర్చున్నాడు. ఎండ ముదురుతున్నది. ఇటువంటి సందర్భాలలో వరుసలు, వేళలు చూసి నడిపించే బాధ్యత మా వీధిలో చాలాకాలంగా నాది. "ఇంకా ఎంతసేపు సార్?" అని అందరూ నన్నే అడుగుతున్నారు.

ఆమెను మేము కోటామె అనేవాళ్లం. కోడలిగా వచ్చిన స్త్రీని పుట్టిన ఊరి పేరుతో పిలవడం మాకు అలవాటు. మా వీధిలో కంభమామె ఉన్నది, దోర్నాలామె ఉన్నది, మార్కాపురమామెలు ఇద్దరున్నారు. ఈమెది గండికోట. ఆమె అసలు పేరు నాకు తెలుసు కాని, ఇక్కడ రాసినా మా వీధివారికే అది ఎవరో తెలియదు.

గండికోటను చూడనివారు కోట అనగానే కూలిన గోడలనూ ముళ్లకంపలనూ ఊహించుకుంటారు. అది అటువంటిది కాదు. పెన్నానది కొండను నిలువునా కోసిన లోతైన గండి, ఆ గండి అంచున ఎర్రరాతి గోడ, బురుజులు, ఇనుప మేకులు దిగ్గొట్టిన తలుపుల సింహద్వారం, లోపల గుళ్లు, మసీదు, ధాన్యాగారం, వాటి నడుమ ఈనాటికీ పొయ్యి రాజేసుకొని కాపురాలు చేసుకుంటున్న ఒక పల్లె. అటువంటిచోట పుట్టిన మనిషి గోడలేని ఊరికి కోడలై వచ్చింది. ఆమె స్వభావం తెలుసుకోవడానికి ఈ ఒక్క విషయం చాలు.

కొత్తపెళ్లికూతురిగా బస్సు దిగి నాలుగడుగులు వేసి, "ఊరి వాకిలి యాడ?" అని భర్తను అడిగిందట. అతడు చుట్టూ చేయి తిప్పి, "అంతా వాకిలే" అన్నాడట. అతడు పరిహాసమాడుతున్నాడనుకొని ఆమె నవ్విందట. ఊరంతా నడిచి ఇల్లు చేరాక గాని అది పరిహాసం కాదని తెలియలేదు. ఆ దిగ్భ్రమ జన్మంతా తీరలేదు. మాకు కంభం చెరువంటే గర్వం. ఆ కట్ట మీద నిలబెట్టి చూపించినవారితో ఆమె అన్నమాట ఇప్పటికీ వీధిలో చెప్పుకుంటారు. "నీళ్లు పోకుండా ఇంత కట్ట గట్టుకున్నారు. మనుషుల చుట్టూ ఒక రాయి పెట్టుకోలేదేంది?"

దీనికి జవాబు చెప్పగలిగినది దోర్నాలామె ఒక్కతే. "మా ఊరిని ఎవురు ఎత్తుకపోతారు కోటక్కా, అంత మొగం దానికి లేదులే. అయినా నీ కోట కట్టినోళ్లు యాడుండారు? ఏ గోడా కట్టని మేము ఈడనే ఉన్నాం గదా."

"కట్టినోళ్లు పోయినారు. గోడ పోయిందా?" అనేది కోటామె.

ఆమెకు ఒక విచిత్రమైన అలవాటు ఉండేది. సంతకో ఆసుపత్రికో వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు, పెద్దరోడ్డు వదిలి మా ఊరిలోకి మళ్లేచోట ఉన్న చిన్న కల్వర్టు దగ్గర ఆగేది. నెత్తిన బుట్ట ఉంటే దానిని ఎడమచేత్తో సర్దుకునేది. కుడిచేయి పక్కకు చాచి, అరచేయి నిలువుగా పెట్టి, గాలిలో ఏదో నిమురుతున్నట్లుగా నాలుగడుగులు మెల్లగా నడిచేది. తరువాత చేయి దించి మామూలుగా వచ్చేది. వెంట ఉన్నవారితో మాట్లాడుతూ ఉన్నా ఆ నాలుగడుగుల మేర మాట ఆగిపోయేది. ఏదో మొక్కు అని కొందరు, నరాల జబ్బు అని కొందరు అనుకునేవారు. నేను అడగలేదు. ఒకరి నడకను గురించి ప్రశ్నించడం మర్యాద కాదు.

పొద్దు వాలగానే ఆమె వీధి మొగలో నిలబడి పిల్లలను కేకవేసేది. "రాండ్రా లోపలికి, తలుపులేస్తారు!"

"ఏ తలుపులు జేజీ? ఊరికి తలుపులే లేవు గదా" అని పిల్లలు ఎకసెక్కం చేసేవారు.

"లేవని మీకు తెలుసు. పొద్దుకు తెలుసునా?" అనేది. అర్థం కాకపోయినా పిల్లలు వచ్చేవారు. బడిలో గంట కొట్టించి కొట్టించి, ఆ గంటను లక్ష్యపెట్టని ఊరిలో బతికినవాడిని నేను. వేళ అనేది ఒకటి ఉన్నదని నమ్మిన మరొక మనిషి మా వీధిలో ఆమె ఒక్కతే. ఆమె భర్త నన్ను చిన్ననాటి నుంచి అన్నా అని పిలిచేవాడు కాబట్టి, నేను ఆమెకు బావగారిని.

అయితే ఒక విషయంలో మా ఇద్దరికీ కుదరలేదు. అన్న ఇల్లు అమ్మి వెళ్లిపోయాడని తెలిసినప్పుడు ఆమె ఏడవలేదు. "ఇల్లు అమ్మినాడంట. ఇల్లు యాడికి పోతాది, ఆడనే ఉంటాది" అన్నది. నాకు అది సరికాదనిపించింది. "అమ్మిన ఇల్లు పుట్టిల్లు కాదమ్మా. పుట్టిల్లంటే మనుషులు. నాలుగు గోడలు కావు" అన్నాను.

"నాయన కోప్పడినప్పుడు నేను పోయి ఆనుకోని కూర్చున్నది ఆ గోడకే బావగారూ. మనుషులు ఊరడించిందాని కన్నా అది ఊరడించిందే ఎక్కువ" అన్నది.

అయినా ఆమె గండికోటకు వెళ్లలేదు. పిలిచే మనిషి లేని పుట్టింటికి ఆడపిల్ల తనంతట తాను వెళ్లదు. ఏళ్లు గడిచాయి.

ఉద్యోగ విరమణ తరువాత నేను వీధిలోని పెద్దవారిని కూడగట్టుకొని, చిన్న బస్సు మాట్లాడుకొని, చూడదగిన చోట్లకు తీసుకువెళ్లే ఏర్పాటు ఒకటి పెట్టుకున్నాను. చెప్పిన వేళకు రావాలి. గుంపు విడిచి ఎవరూ పోకూడదు. దారిలో మిరపకాయ బజ్జీల కోసం బస్సు ఆపమనకూడదు. ఈ మూడవ నియమం మీద ప్రతిసారీ తిరుగుబాటు జరిగేది. ఒక చలికాలం గండికోట అనుకున్నాం. ఆ రోజు అందరికన్నా ముందు బస్సు దగ్గరకు వచ్చినది కోటామె, ఆమె భర్త. అతడి భుజాన కందిపప్పు మూట ఉన్నది.

"కోట చూడటానికి పప్పెందుకురా?" అని అడిగాను.

"నాకేం తెలుసు అన్నా. ఎత్తుకోమనింది, ఎత్తుకున్నా" అన్నాడు. అతడు ఎప్పుడూ అంతే.

గిద్దలూరు, పోరుమామిళ్ల, మైదుకూరు, ప్రొద్దుటూరు దాటి జమ్మలమడుగు చేరేవరకు ఆమె కిటికీ వదలలేదు. కోట ముందు బస్సు దిగాక నేను అందరినీ వరుసగా నిలబెట్టి ముందురోజు చదువుకొని వచ్చిన విషయాలు చెప్పడం మొదలుపెట్టాను. రాయి మీద రాయి ఎలా కూర్చబడిందో, ద్వారం లోపలి దారి ఎందుకు నేరుగా కాక వంకరగా మళ్లించబడిందో, శత్రువు ఏనుగులతో వస్తే మేకుల తలుపులు ఏ విధంగా నిలువరించేవో వివరిస్తున్నాను. కోటామె శ్రద్ధగా విన్నది. విని, చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నది.

"అమ్మా, గుడి ఇంకా ముందున్నది. రాళ్లు గుచ్చుకుంటాయి, వేసుకో" అన్నాను.

"గుడికి కాదు బావగారూ. వాకిలికి" అన్నది.

ఆ వాకిట్లో అడుగుపెట్టగానే ఆమె కుడిచేయి పక్కకు చాచింది. అరచేయి నిలువుగా పెట్టింది. ఈసారి దానికి గోడ తగిలింది. ఆ చల్లని ఎర్రరాతిని నిమురుకుంటూ, మాట లేకుండా, మెల్లగా, వంకర తిరిగిన ఆ దారి వెంట లోపలికి నడిచింది. ఇన్నేళ్లుగా మా కల్వర్టు దగ్గర నేను చూస్తూ వచ్చినది ఏమిటో అప్పుడు తెలిసింది. నేను చెప్పవలసిన పాఠం ఇంకా మిగిలి ఉన్నది కాని, చెప్పలేదు.

లోపలికి వెళ్లాక, "మీరు మసీదు, గాదె, గుళ్లు చూపిస్తా ఉండండి. నేనొకసారి ఇంటికి పోయొస్తా" అన్నది, మా వీధిలో పక్కింటికి పోయి వస్తానన్నట్లు. గుంపు విడిచి ఎవరూ పోరాదన్నది నియమం. అందువల్ల మిగిలినవారిని మసీదు మెట్ల మీద కూర్చోబెట్టి, ఆమె వెంట నేనూ, మూటతో ఆమె భర్తా బయలుదేరాం.

సందులో ఒక రాతిమిద్దె. తలుపు పైకమ్మికి చిన్న శిలువ. ఆమె పిలవలేదు, ఆగలేదు. నేరుగా వాకిలి దాటి, నడిమింటిని దాటి వంటింట్లోకి వెళ్లింది. అక్కడ బియ్యం ఏరుతున్న నడివయసు ఇల్లాలు తలెత్తి చూసి, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా, "బాత్రూం వెనకాల ఉండాదమ్మా, పో. చూసేదానికొచ్చినోళ్లు రోజూ అడుగుతాంటారు" అన్నది.

"తెలుసు. దాన్ని కట్టించింది మా నాయనే" అన్నది కోటామె.

అప్పుడు ఆ ఇల్లాలు లేచింది. పెరట్లో నుంచి ఇంటాయన వచ్చాడు. చేతిలో మేకపిల్ల తాడు. "ఎవురమ్మా మీరు?"

"ఈ ఇంట్లో పుట్టినదాన్ని అబ్బీ."

అతడి ముఖం మారిపోయింది. ఆమెను చూశాడు. తరువాత నన్ను, నా కళ్లద్దాలను, ఇస్త్రీ చొక్కాను, జేబులోని కలాన్ని చూశాడు. "వకీలును తోడుకోనొచ్చినారా?" అన్నాడు. "మీ అన్న కాడ నాయంగా కొన్యాం. పెద్దమనుషుల ముందర కొన్యాం. భాగానికి ఆడబిడ్డ ఉండాదని ఆయప్ప మాకు చెప్పనే లేదు."

ఇల్లు పోతుందన్న భయం ఆ మనిషిది. అందులో తప్పులేదు. కాని ఆ చివరిమాట కోటామెకు తగిలింది. ఆమె గుంజ పట్టుకున్నది.

"చెప్పలేదా?" అన్నది.

"లేదమ్మా."

"సరేలే. ఇప్పుడు నేను చెప్తాండా గదా." గుంజ వదిలింది. "ఇల్లు నీదే అబ్బీ. దీంట్లో ఒక రాయి గూడా నాకొద్దు. ఈయన వకీలు కాదు, మా బావగారు. ఊరికే అట్ల కనపడతాడు. ఆడబిడ్డ వాకిట్లోకొచ్చింది. ఒట్టి ఒడితో పంపించొద్దు, అంతే."

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. ఇల్లాలు నెమ్మదిగా, "ఒడిబియ్యం అంటాండావు గదా వదినా. మేము దేవుని నమ్ముకున్నోళ్లం. పసుపూ కుంకమా ఇంట్లో పెట్టుకోము" అన్నది. వదినా అన్నమాట ఆమె నోట అప్రయత్నంగా వచ్చింది. కోటామె దానిని గమనించిందని ఆమె కళ్లు చెప్పాయి.

నేను కల్పించుకోక తప్పలేదు. ఒడిబియ్యానికి పసుపు కలపాలనీ, ఎండుకొబ్బరి, తమలపాకులు, రవికగుడ్డ ఉండాలనీ, వరుస తప్పితే అది ఒడి నింపినట్లు కాదనీ స్పష్టంగా చెప్పాను.

"తెల్లగుంటే ఉడకవా బావగారూ?" అన్నది కోటామె.

ఇల్లాలు పకపక నవ్వింది. చాటలో ఏరిన బియ్యం చాటతోనే ఎత్తుకొని వచ్చింది. కోటామె వాకిలికి ఎదురుగా కూర్చొని కొంగు పరిచింది. ఇల్లాలు కళ్లు మూసుకొని, "తండ్రీ, ఈ ఆడబిడ్డను చల్లగా కాపాడు. ఈ ఇంటి దారి మర్చిపోకుండా చెయ్యి" అని ప్రార్థించి, దోసిలితో బియ్యం పోసింది. చాలనుకొని నేను చేయి ఎత్తాను. ఆమె నా చేతిని చూడలేదు. చాట ఖాళీ అయ్యేవరకు పోసింది. కోటామె భర్త కందిపప్పు మూట దించి, ఎవరికీ ఏమీ చెప్పకుండా వంటింటి గట్టు మీద పెట్టాడు.

వచ్చేస్తుండగా ఇంటాయన సందు చివరిదాకా వచ్చాడు. "మళ్లా ఎప్పుడొస్తావక్కా?" అన్నాడు.

"నువ్వు పిలిచినప్పుడు."

"ఎట్ల పిలవాల?"

"ఇప్పుడు పిలిచినావే, అట్లనే."

ఆ రోజు నేను పెట్టిన వేళలన్నీ తప్పాయి. గండి చూసేసరికి పొద్దు వాలింది. తిరుగు దారిలో మైదుకూరులో బజ్జీల కోసం బస్సు ఆగింది.

అప్పటి నుంచి ఏటా ఫోను వచ్చేది. కోటామె ఆ ఫోనును వీధిలోకి తెచ్చుకొని అందరికీ వినపడేలా మాట్లాడేది. "మా తమ్ముడు పిలిచినాడు, పోవాల" అని దోర్నాలామెకు మరీ మరీ చెప్పేది. "పోవే తల్లీ, నీ తలుపులు ఏసేలోపల పో" అని ఆమె సాగనంపేది. కందిపప్పు, ఎండుమిరపకాయలు అటు వెళ్లేవి. ఇటు తెల్లబియ్యం వచ్చేవి. ఆ బియ్యంతో పరమాన్నం వండి మా ఇంటికీ ఒక గిన్నె పంపేది. నేను తిన్నాను గాని, వాదం మానలేదు. ప్రేమగా చూసుకునేవారంతా పుట్టింటివారు కారనీ, ప్రతి బంధానికీ ఒక హద్దు ఉంటుందనీ చెబుతూనే వచ్చాను.

"నేను పోయిన్నాడు కోట నుంచి చీర వస్తాది. మీరే చూస్తారు" అనేది.

"వాళ్లలో ఆ ఆచారమే లేదమ్మా. ఎట్లా తెస్తారు?"

"ఒడిబియ్యం మాత్రం ఉండాదా వాళ్లలో?"

ఆమె ఆ చీర మాట అన్నప్పుడల్లా నవ్వుతూనే అనేది. కాని ఆ నవ్వు వెనక ఒక భయం ఉండేదని నాకు తెలుసు. మా వీధిలో పుట్టింటి చీర రాని చావు ఒకటి ఆమె చూసింది. ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

ఆ నిరీక్షణ రోజున, ఎండ నడినెత్తికి వచ్చాక, చాపల మీద గుసగుసలు మొదలయ్యాయి. దోర్నాలామె శవం తల దగ్గర కూర్చొని, చీరకొంగుతో ఈగలు తోలుతూ, "ఏం కోటక్కా, నీ తలుపులు ఇంకా తియ్యలేదా" అని ఏడ్చింది. రెండు బస్సులు వచ్చి వెళ్లాయి. ఎవరూ దిగలేదు. ఇక ఉపేక్షించడం సబబు కాదనిపించింది. ఇటువంటప్పటికి పెద్దలు ఏర్పరచిన మార్గం ఒకటి ఉన్నది. పుట్టింటి ఇంటిపేరే కలిగిన మనిషిని ఎవరినైనా తెచ్చి, అన్న స్థానంలో నిలబెట్టి, అతడి చేత చీర కప్పిస్తారు. ఆ ఇంటిపేరువారు కంభంలో ఉన్నారు. ఆటో పంపిస్తే చాలు. అరుగు దగ్గరకు వెళ్లి ఆమె భర్తకు ఈ విషయం చెప్పాను.

జీవితంలో నాకు ఎదురు చెప్పని మనిషి తలెత్తి నన్ను చూశాడు.

"అన్నా, ఆమె గోడ కావాలనింది. నువ్వు తడిక కట్టిస్తా అంటాండావు" అన్నాడు.

నేను వెళ్లి నా చోట కూర్చున్నాను.

కొంతసేపటికి కల్వర్టు వైపు నుంచి ఇద్దరు నడిచి రావడం కనిపించింది. మగమనిషి తల మీద తువ్వాల. ఆడమనిషి చంకలో గుడ్డసంచి. ఇద్దరికీ వయసు మీదపడింది. ఫోను అందగానే బయలుదేరినా బస్సు ఎక్కడో చెడిపోయిందట. లారీ ఒకటి పట్టుకొని వచ్చారట. వాకిలి ముందు, ఇంకా వీధిలోనే, ఆయన ఆగి చెప్పులు విడిచాడు. నేల నిప్పులు చెరుగుతున్నది.

"పెద్దాయనా, కాళ్లు కాల్తాయి. అరుగు దాకా ఏసుకోని రా" అన్నారెవరో.

"అక్క మా వాకిట్లో ఏనాడూ చెప్పులు తొక్కలేదబ్బా" అన్నాడాయన.

ఇల్లాలు నా దగ్గరకు వచ్చింది. కళ్లద్దాలను, జేబులోని కలాన్ని గుర్తుపట్టింది. సంచిలో నుంచి చీర తీసి రెండు చేతులతో పట్టుకున్నది. కోటగోడ రంగు చీర. "సారూ, ఇది ఎట్ల కప్పాలో మాకు తెలవదు. వరుస తప్పితే చెప్పండి" అన్నది.

అప్పటికే అడ్డంగా జనం మూగారు. లోపల నుంచి ఎవరో, "పుట్టింటోళ్లు యాడ? పుట్టింటోళ్లు ముందుకు రావాల!" అని కేక వేశారు. ఆ భార్యాభర్తలు, తమను పిలిచినట్లు తెలియక, నా ముఖం వైపు చూశారు.

నేను లేచి నిలబడ్డాను. బడి ఆవరణలో ఆ చివర ఉన్నవారికి వినిపించేలా పిలిచిన గొంతు ఇంకా కొంత మిగిలే ఉన్నది.

"పుట్టింటివాళ్లు వచ్చినారు. దారి ఇవ్వండి" అన్నాను.